కొలిచింది ఎవరిని, కొలిచింది దేనితో

(తిరుపతిలో పీజీ విద్యార్థులు, కళాశాల అధ్యాపకుల ఎదుట చేసిన ప్రసంగానికి ఇది రాతప్రతి. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

పెద్దలకు, తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

మనస్తత్వశాస్త్రం, సాంకేతిక రంగం, సాంఘిక శాస్త్రాలు, ఈ మూడింటిలోనూ విశ్వవిద్యాలయాల్లో ఈమధ్య జరిగిన పరిశోధనల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. గంటలో తేలే అంశం కాదది. అందుకని నేను అన్నీ తడమను. మన ప్రాంతానికి దగ్గరగా, మనవంటి మనుషుల మీద జరిగిన నాలుగైదు పరిశోధనలు తీసుకుని, వాటిలో ఎవరిని కొలిచారు, దేనితో కొలిచారు, అదే ఫలితం మరోచోట నిలబడిందా లేదా అన్నది మాత్రం చూద్దాం. ఎందుకిలా అంటే, పొద్దున లేస్తే పత్రికలోనో వాట్సాప్‌లోనో "విశ్వవిద్యాలయ పరిశోధనలో తేలింది" అన్న వాక్యం మనకు కనబడుతూనే ఉంటుంది. తేలింది సరే, ఎక్కడ తేలింది? ఎవరి మీద తేలింది? ఆ వార్త చదివేవాళ్లలో ఈ ప్రశ్న వేసేవాళ్లు ఎందరు?

ముందుగా మనస్తత్వశాస్త్రం సంగతి. 2015లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ నోసెక్ నాయకత్వంలో అనేక దేశాల పరిశోధకులు కలిసి, పేరున్న పత్రికల్లో అప్పటికే అచ్చయిన 100 ప్రయోగాలను మళ్లీ మొదటి నుంచి చేసి చూశారు. అసలు ప్రయోగాల్లో 97 శాతం మేర గణాంకపరంగా చెప్పుకోదగిన ఫలితం వచ్చినట్టు రాసుకున్నారు. మళ్లీ చేసినప్పుడు అలా వచ్చినవి 36 శాతమే. తొంభై ఏడు ఎక్కడ, ముప్ఫై ఆరు ఎక్కడ! దీన్నిబట్టి మిగిలినవాళ్లందరూ దొంగలెక్కలు రాశారని అనుకోకండి. నలభై మందినో యాభై మందినో తీసుకుని ప్రయోగం చేస్తే అదృష్టవశాత్తూ కూడా ఏదో ఒక ఫలితం కనబడవచ్చు. ఫలితం కనబడినవే పత్రికలు అచ్చువేస్తాయి, కనబడనివి బీరువాలో ఉండిపోతాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగాక పాఠ్యపుస్తకంలో మిగిలేది ఏమిటి? పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు, ఆ బీరువా ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. 2008లో జెఫ్రీ ఆర్నెట్ అనే ఆయన అమెరికాలోని ప్రధాన మనస్తత్వశాస్త్ర పత్రికల్ని వరసగా పరిశీలించి చూస్తే, అందులో పరిశోధనకు తీసుకున్న మనుషుల్లో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లు. ఆ దేశాల్లో ఉండేది ప్రపంచ జనాభాలో 12 శాతం. వాళ్లలోనూ చాలామంది, ఆచార్యుడి క్లాసులో కూర్చున్న డిగ్రీ విద్యార్థులే. అంటే "మనిషి మనసు ఇలా పనిచేస్తుంది" అని మనం మన పిల్లలకు చెప్పే పాఠంలో మనిషి అన్నచోట ఎవరున్నారో గమనించండి.

ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. మిఠాయి ప్రయోగం అని మీరందరూ వినే ఉంటారు. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో అది లేనిదే కుదరదు. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ 1960ల చివర నుంచి చేసిన ప్రయోగం. పిల్లవాడి ముందు ఒక మిఠాయి పెట్టి, నేను తిరిగి వచ్చేదాకా తినకుండా ఉంటే రెండిస్తానంటారు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో రాణించారని ఆ తర్వాత రాశారు. ఆ పిల్లలెవరు? విశ్వవిద్యాలయం ఆవరణలోని నర్సరీ బడి పిల్లలు, ఎక్కువమంది అక్కడి ఆచార్యుల బిడ్డలు, విద్యార్థుల బిడ్డలు. 2018లో టైలర్ వాట్స్, ఆయన సహచరులు 900 మందికి పైగా పిల్లల సమాచారంతో అదే విషయాన్ని పరిశీలిస్తే, ఆ సంబంధం సగానికి తగ్గింది. ఇంటి పరిస్థితిని, తల్లి చదువును లెక్కలోకి తీసుకున్నాక మిగిలింది కొంచెమే. అంతకు ముందే, 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. 28 మంది పిల్లలే, చిన్నదే, కానీ ఆలోచన బాగుంది. మిఠాయి పెట్టడానికి ముందు కొందరు పిల్లలకు మంచి రంగు పెన్సిళ్లు తెచ్చిస్తానని చెప్పి తెచ్చిచ్చారు, మిగిలినవాళ్లకు చెప్పి తేలేదు. మాట నిలబెట్టుకున్న పెద్దమనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాడి దగ్గర ఆగింది 3 నిమిషాలు. మరి ఆగలేకపోవడం పిల్లవాడి లోపమా, పెద్దవాడి లోపమా? ఇంట్లో దాచిపెట్టింది రేపటికి ఉంటుందన్న నమ్మకం లేని పిల్లవాడు ఈరోజే తినేస్తే వాడికి నిగ్రహం లేదని రాస్తామా? నన్నడిగితే వాడికి లెక్క బాగా తెలుసంటాను.

సరే. ఇప్పుడు మన పక్కకు వద్దాం.

2013లో సైన్స్ పత్రికలో ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావో కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. పరిశోధన జరిగింది ఎక్కడ? తమిళనాడు చెరకు రైతుల మీద, 464 మంది మీద. చిత్తూరు వాళ్లకు చెరకు గురించి నేను చెప్పాలా? ఏడాదంతా పంట చేలో ఉంటుంది, డబ్బు మాత్రం కోత అయ్యాక ఒక్కసారి వస్తుంది. కోతకు ముందు నెలల్లో చేబదుళ్లు, తాకట్లు. కోత తర్వాత కొంత ఊపిరి. ఈ పరిశోధకులు అదే రైతును కోతకు ముందొకసారి, కోత తర్వాత మరోసారి కూర్చోబెట్టి, బొమ్మల వరసలో లోపించినదాన్ని కనిపెట్టే పరీక్ష, దృష్టిని నిలిపే పరీక్ష పెట్టారు. మనిషి అతనే, చదువు అదే, భూమి అదే. కోతకు ముందు తప్పులు ఎక్కువ, సమయం ఎక్కువ. కోత తర్వాత మెరుగు. డబ్బు లేమి మనిషి తెలివిని తగ్గించదు కానీ, అప్పు గురించిన ఆలోచన మనసులో చోటు ఆక్రమించుకుని మిగతా పనికి చోటు లేకుండా చేస్తుందన్నది వాళ్ల వాదం.

మీలో ఒకరు వెంటనే అడుగుతారు, రెండోసారి అదే పరీక్ష రాస్తే ఎవరికైనా బాగానే వస్తుంది కదా అని. మంచి ప్రశ్న. వాళ్లకూ అది తోచింది కనుకే కొందరు రైతుల్ని కోత తర్వాతనే మొదటిసారి పరీక్షించి పోల్చి చూసుకున్నారు. మరొకరు, కోత కాలంలో వాతావరణం వేరు, పండగలు వేరు అంటారు. దానికీ జవాబుంది. చక్కెర ఫ్యాక్టరీ అందరి చెరకూ ఒకే రోజు ఆడలేదు కదా, కోతలు నెలల తరబడి వంతులవారీగా నడుస్తాయి. చెరకు కొట్టమని ఫ్యాక్టరీ ఇచ్చే కటింగ్ ఆర్డరు కోసం తిరిగినవాళ్లకు ఆ వంతులేమిటో తెలుసు. రైతుకు తలనొప్పి అయిన ఆ ఏర్పాటే పరిశోధకుడికి పనికొచ్చింది. ఒకే నెలలో ఒకరికి కోత అయిపోయి ఉంటుంది, పక్కవాడికి కాలేదు.

ఇంతవరకు వింటే ముచ్చటగా ఉంది. కానీ ఇక్కడితో ఆపితే మనం కూడా పత్రికవాళ్లం అయిపోతాం. 2016లో కార్వాల్యో, మైయర్, వాంగ్ అనే ముగ్గురు అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లను జీతం రావడానికి ముందు, వచ్చిన తర్వాత పరీక్షించారు. తెలివికి సంబంధించిన పరీక్షల్లో తేడా కనబడలేదు. మరి ఏది నిజం? చెరకు రైతుదా, అమెరికా జీతగాడిదా? రెండూ నిజమే కావచ్చు. వారానికో పక్షానికో వచ్చే జీతం కోసం నాలుగు రోజులు ఓపికపట్టడం, ఏడాదికి ఒక్కసారి వచ్చే పైకం కోసం తాకట్లతో నెలలు గడపడం ఒకటి కావు గదా. అయినా ఒక పరిశోధన చాలదు, ఒకే పరిశోధనను పట్టుకుని ఊగకూడదు.

అందుకే ముల్లైనాథన్ బృందమే, సుప్రీత్ కౌర్, సువన్నా ఓ, ఫ్రాంక్ షిల్‌బాక్‌లతో కలిసి ఒడిశాలో మరో ప్రయోగం చేసింది. ఈసారి కాగితం మీద పరీక్షలు కాకుండా నేరుగా పనిని కొలిచారు. ఏం పని? విస్తరాకులు కుట్టే పని! ఎన్ని కుడితే అన్ని డబ్బులు. కొందరికి రావలసిన కూలిలో కొంత ముందుగా ఇచ్చారు, మిగిలినవారికి తర్వాత ఇచ్చారు. మొత్తం కూలి ఇద్దరికీ ఒకటే, చేతికి అందిన రోజు మాత్రం వేరు. ముందు అందినవాళ్లు ఏం చేశారు? అప్పు తీర్చారు, ఇంటికి కావలసిన సరుకులు కొన్నారు. ఆ తర్వాతి రోజుల్లో వాళ్ల పని సుమారు 7 శాతం పెరిగింది, ఆకు కుట్టడంలో తప్పులు తగ్గాయి. రేటు పెంచలేదు, మేస్త్రీని పెట్టి అదిలించలేదు. ఇవ్వవలసినదాన్ని కొంచెం ముందుగా ఇచ్చారు, అంతే. కూలీలతో పని చేయించుకునేవాళ్లు మన సభలో ఉన్నారో లేదో నాకు తెలియదు కానీ, ఉంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనదాని దగ్గరికి వస్తున్నాను. ఇది చెన్నైలో జరిగింది, మన రైలుకు మూడు గంటల దూరం. 2021లో అచ్చయింది. బెస్సోన్, రావు, స్కోఫీల్డ్, షిల్‌బాక్, తోమా అనే ఆర్థిక శాస్త్రవేత్తలు 452 మంది పేదల నిద్రను కొలిచారు. ఆర్థిక శాస్త్రవేత్తలకు నిద్రతో ఏం పని అనకండి, మనిషి పనిచేయగలిగే శక్తి వాళ్ల శాస్త్రంలోదే. ఎన్ని గంటలు పడుకుంటావని అడిగి రాసుకోలేదు. చేతికి గడియారంలా కట్టుకునే పరికరంతో, కదలికను బట్టి అసలు నిద్రను కొలిచారు. అడిగి రాసుకోవడానికీ కొలవడానికీ ఎంత తేడా ఉందో చూడండి. వాళ్లు పడక మీద ఉన్నది 8 గంటలు. నిద్రపోయింది సగటున ఐదున్నర గంటలు. మిగతా రెండున్నర గంటలు ఏమయ్యాయి? ఉక్క, దోమలు, వీధి చప్పుడు, ఒకే గదిలో నలుగురు, లేచిన పసిబిడ్డ. నిద్ర ముక్కలు ముక్కలు. నిద్ర జబ్బులతో ఆసుపత్రికి వెళ్లేవాళ్ల నిద్ర ఎంత చెడిపోయి ఉంటుందో, ఏ జబ్బూ లేని వీళ్ల నిద్ర అంత చెడిపోయి ఉంది.

మన ఊళ్లో తెల్లవార్లూ కొండకు బస్సులు తిరుగుతుంటాయి. బస్టాండు ఎదుట రాత్రి రెండుకు కూడా ఇడ్లీ ఆవిరి పోతూనే ఉంటుంది, లాడ్జీ కౌంటర్లో కుర్రవాడు కుర్చీలోనే తల వాలుస్తాడు. వాళ్ల నిద్ర ఎంతో మనం ఎప్పుడైనా కొలిచామా?

తర్వాత వాళ్లు ఏం చేశారంటే, కొందరికి నిద్ర గురించి సలహాలు, ఇంట్లో పడుకునే చోటుకు సౌకర్యాలు, ప్రోత్సాహకాలు ఇచ్చారు. రాత్రి నిద్ర 27 నిమిషాలు పెరిగింది. నిపుణులను ముందే అడిగితే, దీనివల్ల పని బాగా పెరుగుతుందని అంచనా వేశారు. పెరగలేదు! పనిలో గానీ, తెలివిలో గానీ, మనసు కుదుటపడటంలో గానీ కొలవదగ్గ తేడా రాలేదు. పైపెచ్చు పడక మీద ఎక్కువసేపు ఉన్నందుకు పని గంటలు కొంచెం తగ్గాయి. మరోవైపు, పనిచేసే చోటనే మధ్యాహ్నం కాసేపు కునుకు తీయనిచ్చినవాళ్లలో పని వేగం, మనసు నెమ్మది, ఏకాగ్రత అన్నీ మెరుగయ్యాయి. కునుకుకు పోయిన సమయం వల్ల మొత్తం పని గంటలు తగ్గాయి, ఆ సంగతి కూడా వాళ్లు దాచకుండా రాశారు.

ఎందుకిలా? పరిశోధకుల ఊహ ఏమిటంటే, పెరిగిన ఆ 27 నిమిషాలూ అదే చెడిపోయిన నిద్ర. మధ్యాహ్నం కునుకు తీసింది నిశ్శబ్దంగా, హాయిగా ఉండే చోట. ఇది ఊహే, రుజువైన మాట కాదు. కానీ అమెరికాలోని నిద్ర ప్రయోగశాలల్లో, పరుపుల మీద, ఏసీ గదుల్లో వచ్చిన ఫలితాన్ని చెన్నై రేకుల ఇంటికి అలాగే మోసుకొచ్చి ఉంటే మనం ఏమని సలహా ఇచ్చి ఉండేవాళ్లం? "రాత్రి ఇంకో అరగంట పడుకోండి" అని. ఆ సలహా వాళ్లకు ఏమీ చేయదని కొలిచాకే తెలిసింది.

చదువు సంగతి ఒకటి చెప్పాలి, అధ్యాపకులున్నారు కాబట్టి. 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు రాసిన పరిశోధన. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో సరుకు అమ్మే 1,436 మంది పిల్లల్ని తీసుకున్నారు. పరిశోధకులు మామూలు కొనుగోలుదారుల్లా వెళ్లి, కావాలనే తిక్క తూకాలు అడిగారు. కిలో 20 రూపాయల ఉర్లగడ్డలు 800 గ్రాములు, కిలో 15 రూపాయల ఎర్రగడ్డలు కిలో 400 గ్రాములు, చేతికి 200 రూపాయల నోటు. చిల్లర ఎంత? మీరు లెక్క కట్టేలోపు ఆ పిల్లవాడు 163 రూపాయలు చేతిలో పెడతాడు. అదే పిల్లవాడికి కాగితం మీద, అంతకన్నా తేలికైన భాగహారం ఇస్తే చేయలేకపోయాడు. పక్కనే బడికి పోయే 471 మంది పిల్లల్ని చూస్తే సరిగ్గా దీనికి ఎదురు. కాగితం మీద చిన్న లెక్కలు వీళ్లు బాగా చేశారు. అంగడి పిల్లల్లో మూడో వంతుకు పైగా చేసిన ఒక బేరం లెక్కను మాత్రం బడి పిల్లల్లో చేయగలిగింది 1 శాతమే.

ఈ ఫలితం విని "చూశారా, బడి చదువు దండగ" అనేవాళ్లుంటారు. అలా అనడం తప్పు. పసిపిల్లల చేత పని చేయించడాన్ని ఈ పరిశోధన మెచ్చుకోలేదు. బడి పిల్లవాడికి వచ్చింది అంగడి దాకా పోవడం లేదు, అంగడి పిల్లవాడికి వచ్చింది బడి దాకా రావడం లేదు, రెండింటినీ కలిపే వంతెన పాఠ్యప్రణాళికలో లేదని మాత్రమే అది చెప్పింది. నాకు ఇందులో కనబడేది ఇంకొకటి కూడా ఉంది. అంగట్లో అంత లెక్క కట్టిన పిల్లవాడు బడిలో చేరితే, మన పరీక్ష వాడికి వేసే మార్కు ఎంత? ఆ మార్కుతో కొలిచింది వాడి తెలివినా, మన ప్రశ్నపత్రం తీరునా?

సాంకేతిక రంగం గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ముఖాన్ని బట్టి మనిషిని గుర్తించే ప్రోగ్రాముల మీద 2018లో జాయ్ బువోలామ్విని, టిమ్నిట్ గెబ్రూ చేసిన పరిశోధన చాలామందికి తెలుసు. ముఖం చూసి ఆడా మగా అని చెప్పే ప్రోగ్రాములు తెల్లని మగవాళ్ల విషయంలో పొరబడింది 0.8 శాతానికి మించలేదు. నల్లని ఆడవాళ్ల విషయంలో ఒక ప్రోగ్రాము పొరపాట్లు 34.7 శాతం దాకా పోయాయి. నేర్పడానికి వాడిన ఫొటోలు ఎవరివో వాళ్లనే అది బాగా చూస్తుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పను, ఎందుకంటే మన రాష్ట్రంలోనే జరిగిన పరిశోధన ఒకటుంది, దాని గురించి ఇక్కడ మాట్లాడేవాళ్లు తక్కువ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర ఉన్న స్మార్ట్‌కార్డుతో ఇచ్చిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఆ పథకాన్ని 157 మండలాల్లో, సుమారు కోటీ తొంభై లక్షల మంది ఉన్న ప్రాంతంలో పరీక్షించారు. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అనేది ప్రభుత్వ అంగీకారంతో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ప్రపంచంలో ఇంత పెద్దవి అరుదు. ఫలితం 2016లో అచ్చయింది. డబ్బు త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది, అసలు లబ్ధిదారులు జారిపోలేదు. సంతోషం. ఆ తర్వాత అదే ముగ్గురు జార్ఖండ్‌కు వెళ్లి, రేషను అంగట్లో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు ఏమైందో చూశారు. అక్కడ వేలిముద్ర నిబంధన ఒక్కటే పెట్టినప్పుడు దొంగతనం తగ్గలేదు. అంతకుముందు కార్డుకు ఆధార్ జతచేసుకోనివాళ్లకు అందేది మాత్రం 10 శాతం తగ్గింది. ఆ తర్వాత డీలరు దగ్గర మిగిలి ఉండాల్సిన నిల్వను లెక్కగట్టి సరఫరా తగ్గించినప్పుడు దొంగతనం బాగా తగ్గింది, జనానికి అందేది కూడా తగ్గింది.

పరికరం ఒకటే, వేలిముద్ర ఒకటే, పరిశోధకులు కూడా వాళ్లే. ఒకచోట మేలు, ఒకచోట కీడు. ఎందుకు? మన దగ్గర కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో డబ్బు ఇవ్వడం ఆపలేదు. డబ్బు పంచే మనిషి, పంచే చోటు కూడా మారాయి. అక్కడ డీలరు మారలేదు, వేలిముద్ర పడకపోతే బియ్యం లేదు. కనుక "వేలిముద్ర యంత్రం మంచిదా చెడ్డదా" అని అడిగితే దానికి జవాబు లేదు. వేలు పడని ముసలమ్మకు ఆ రోజు డీలరు ఏం చెప్పి పంపాడన్నదాంట్లో ఉంది జవాబు.

చివరగా విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. చెరకు రైతుల మీద తమిళనాడులో చేసినట్టు ఇక్కడ ఎందుకు చేయకూడదు? 2022లో చిత్తూరు జిల్లా విడిపోయింది కానీ పంటలు విడిపోలేదు. తోతాపురి మామిడి రైతుకు డబ్బు ఏడాదికి ఒక్క కాలంలో, కాయ ఫ్యాక్టరీకి తోలినప్పుడు వస్తుంది. ధర కూడా చేతిలో ఉండదు, 2025లో ధర పడిపోయి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన తరఫున కలపవలసి వచ్చింది. అదే ఊళ్లో, పక్క ఇంట్లో, రెండు ఆవులున్న ఆమెకు పదిహేను రోజులకోసారి పాల బిల్లు పడుతుంది. ఒకటే ఊరు, ఒకటే బడి, ఒకటే వాన. ఒకరికి ఆదాయం ఒక్కసారిగా, ఒకరికి కొంచెం కొంచెంగా. ఆదాయం మొత్తం ముఖ్యమా, అది అందే తీరు ముఖ్యమా అని అడగడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంది?

అయితే చేసేవాళ్లు ముందుగానే ఆలోచించుకోవలసినవి ఉన్నాయి. మామిడి తోట ఉన్నవాళ్లకు భూమి ఎక్కువ ఉంటుంది, కాబట్టి ఊరికే ఇద్దర్నీ పోల్చకూడదు, అదే మనిషిని కాయ కోతకు ముందు, తర్వాత చూడాలి. కాయ డబ్బు వచ్చే జూన్, జూలై నెలల్లోనే పిల్లల బడి ఫీజులు కూడా వస్తాయి, వచ్చిన ఊపిరిని ఆ ఖర్చు మింగేయవచ్చు, దాన్ని విడిగా రాసుకోవాలి. పాల బిల్లు ఎవరి ఖాతాలో పడుతుందో అడగాలి, ఆమె ఖాతాలోనా, ఆయన ఖాతాలోనా. ప్రశ్నలు పుస్తకం తెలుగులో కాకుండా ఆ ఊరి మాటలో ఉండాలి. ఏం కొలవబోతున్నారో, ఎంతమందిని కొలవబోతున్నారో మొదలుపెట్టకముందే రాసి, తేదీ వేసి, మీ గైడు దగ్గర ఉంచండి. తేడా ఏమీ రాకపోతే, ఆ రాలేదన్న సంగతినే థీసిస్‌గా రాయండి, బీరువాలో పెట్టకండి. ఇక్కడున్న అధ్యాపకులు అలాంటి థీసిస్‌ను తిప్పి పంపకుండా తీసుకోవాలని కూడా వేడుకుంటున్నాను.

నాకిచ్చిన సమయం అయింది. ఇక మీ ప్రశ్నలు అడగండి.